ఆదివారాలు తప్పించి

పాత కారుకు నాలుగు పేజీల చరిత్ర ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఇంటర్నెట్‌లో కారు నంబరు కొట్టి రుసుము కడితే, మనం ఎన్నడూ చూడని వాళ్ళు మనం ఎన్నడూ ఎక్కని కారు గురించి మొత్తం రాసి పంపిస్తారు. పెద్ద నోట్లు రద్దయిన మరుసటి ఏడాది టెక్కలిలో ఒక నెట్ సెంటర్‌లో అలాంటిదొకటి ప్రింటు తీయించుకున్నాను. నెట్ సెంటరాయన పేజీలు సర్ది చేతికిస్తూ, "లేమినేషన్ చేయించీండి మేడం, పది కాలాలుంటాది" అన్నాడు. కాగితం గురించే అన్నాడు. కారు గురించి ఆయనేమీ హామీ ఇవ్వలేదు.

ఓనర్లు: ఒకరు. ప్రమాదాలు: నమోదు కాలేదు. బ్యాంకు లోను: తీరిపోయింది. ఇన్సూరెన్సు క్లెయిములు: లేవు. పోలీసు కేసులు: లేవు. పేజీ చివర ఆకుపచ్చ గుర్తు, దాని పక్కన 'అతి మంచి స్థితి' అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు ముక్క. ఇంత మచ్చలేని జీవితం మా బంధువుల్లో ఎవరికీ లేదు.

నేను శాఖా గ్రంథాలయంలో పని చేసేదాన్ని. అచ్చులో ఉన్నదాన్ని నమ్మడం మాకు ఉద్యోగంతో పాటు వచ్చే జబ్బు. ఆ నాలుగు పేజీలూ బస్సులో ఒకసారి, ఇంట్లో ఒకసారి చదివాను. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. ఈ మాట ఇప్పటికీ అంటాను.

అంతకు ముందు ఏడాది మా ఆయన పోయారు. కిడ్నీలు. మా వైపు నీళ్ళ వల్లనో ఏమో ఇంటింటా ఉన్న జబ్బు కాబట్టి, ఈ మాట చెబితే "అయ్యో, ఎలా వచ్చింది?" అని ఎవరూ అడగరు. "ఎక్కడ చేయించేవారు, శ్రీకాకుళమా, విశాఖపట్నమా?" అని అడుగుతారు. మేం శ్రీకాకుళం. వారానికి రెండుసార్లు. ఊళ్ళోంచి హైవే దాకా షేరాటో, అక్కణ్ణించి బస్సు. పోను గంటన్నర, రాను గంటన్నర, మధ్యలో నాలుగు గంటలు డయాలసిస్ మిషను మీద. మిషను మీద ఉన్నంతసేపూ బాగానే ఉండేవారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సీటు దొరికితే అదృష్టం, దొరక్కపోతే షేరాటో. అందులో ఎనిమిది మంది మధ్య కూర్చుని కడుపులో తిప్పుతోందని చెప్పడానికి ఆయనకు సిగ్గు. హైవే మీద ఒక వంతెన దాటాక సోడా బండి ఉంటుంది. అక్కడ ఆపించి దిగేవారు. వాంతి చేసుకుని వచ్చేసరికి ఆటోవాడు ఉంటే ఉండేవాడు, లేకపోతే లేడు. ఆటోలో మిగిలినవాళ్ళ ముఖాలు నాకు గుర్తే. వాళ్ళకీ పనులుంటాయి.

మెల్లగా మానడం మొదలుపెట్టారు. "ఈసారికి ఒళ్ళు తేలిగ్గానే ఉంది, వచ్చేవారం వెళ్దాం" అనేవారు. ఒక నెలలో మూడుసార్లు తేలిగ్గా ఉంది. తర్వాత లేరు. ఆసుపత్రివాళ్ళిచ్చిన కాగితంలో మరణ కారణం అన్నచోట గుండె, ఊపిరి ఆగిపోవడం అని రాశారు. ఎవరు పోయినా ఆ రెండూ ఆగుతాయి. షేరాటో గురించి రాయడానికి అందులో గడి లేదు.

ఇక మా వదిన. అంటే ఆయన అక్క. భర్త పోయిన దగ్గర్నించి మాతోనే ఉంటోంది. తమ్ముడు చిన్నప్పుడు తాగిన నీళ్ళే తనూ తాగింది కాబట్టి, ఆ వేసవిలో డాక్టరు ఆమెకూ మిషను రాశాడు. అవే వారాలు, అదే బస్సు. రెండో నెలలో ఒకరోజు పొద్దున్నే చీర మార్చుకోకుండా కూర్చుని, "ఈ వారానికి ఒకసారి సాల్లేవే. ఒల్లు తేలిగ్గానే ఉన్నాది" అంది.

మర్నాడే నేను డ్రైవింగ్ స్కూల్లో చేరాను.

నాకు కావలసింది ఒక్కటే. వారానికి రెండుసార్లు శ్రీకాకుళం వెళ్ళి, దారిలో ఎక్కడా ఆగిపోకుండా తిరిగివచ్చే కారు. రంగు, పాటలు, చల్లగాలి, ఏవీ అక్కర్లేదు. ఆగకూడదు, అంతే. ఈ సంగతి వదినకు చెబితే, "నువ్వు తోల్తావా? అయితే కిడ్నీల గురించి నాకు బెంగ నేదులే" అంది.

కొత్త కారు మా లెక్కకు అందదు. పాతదాని కోసం వెతకాల్సిన అవసరం మాత్రం రాలేదు, ఎందుకంటే మా చర్చిలో ఒక కారు ఉంది. దాని యజమాని మా సంఘపెద్ద, రిటైరైన హెడ్మాస్టరు. మా సంఘంలో ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయం ఒకటుంటుంది. ఎవరికి ఏ మేలు జరిగినా లేచి నిలబడి చెప్పాలి. ఆ కారు కొన్న వారం మాస్టారు లేచి, మోకాళ్ళ నొప్పితో చర్చికి నడవలేక తాను ఎలా ప్రార్థించిందీ, ప్రభువు ఆ కారును ఎలా అనుగ్రహించిందీ పావుగంట చెప్పారు. తర్వాత ప్రతి ఏటా అదే వారానికి లేచి మళ్ళీ చెప్పారు. ఐదేళ్ళు విన్నాం. ఆ కారు తెల్ల రంగు ఎందుకు ఎంచుకున్నదీ, మొదటి ప్రయాణం ఏ ఊరి మహాసభలకు వెళ్ళిందీ మా సంఘంలో చిన్నపిల్లలకు కూడా కంఠతా వచ్చు. బైబిల్లో గాడిద మీద వెళ్ళినవాళ్ళ గురించి కూడా మాకు అంత వివరంగా తెలియదు.

ఆ మాస్టారు కారు అమ్ముతున్నారని తెలిస్తే ఎవరైనా ఏం చేస్తారు? ఆదివారం ఆదివారం మన కళ్ళముందే ఆగే కారు. ఐదేళ్ళుగా దాని సాక్ష్యం వింటున్నాం. వేరే ఊళ్ళో వాళ్ళయితే మెకానిక్‌ను తీసుకెళ్ళి ఉండేవారు. మేం సాక్ష్యాన్నే సర్వీసు రికార్డు అనుకున్నాం. పైన నాలుగు పేజీల రిపోర్టు కూడా తెప్పించాను కాబట్టి, నేను మిగిలినవాళ్ళకంటే జాగ్రత్తపరురాలినని కొంచెం గర్వం కూడా ఉండేది.

ఒకసారి ఎక్కి చూశాం. లోపల మల్లెపూల వాసన గుప్పున కొట్టింది. అద్దం కింద సెంటు సీసా ఒకటి, వెనక సీటు వెనకాల ఇంకొకటి. ఒక చిన్న కారుకు రెండు సెంటు సీసాలెందుకని నేను అడగలేదు. శుభ్రత అనుకున్నాను. వదిన ముక్కుతో గట్టిగా పీల్చి, "జబ్బొచ్చాక నాకు వాసన్లు తెల్డం నేదే. బాగుంటే బాగున్నట్టే" అంది.

మా ఆయన సంవత్సరీకపు జ్ఞాపక కూడిక రోజున కారు ఇచ్చేస్తానన్నారు మాస్టారు. ఆయన ఎలాగూ వాక్యం చెప్పడానికి రావాలి. కారులో వచ్చి, తాళాలు ఇచ్చేసి, నడిచి వెళ్తారు. మోకాళ్ళు బాగయ్యాయేమో.

కూడికలో మాస్టారు మా ఆయన గురించి మాట్లాడారు. బాధను చిరునవ్వుతో భరించిన విశ్వాసి అన్నారు. చివరి శ్వాస వరకు స్తుతించాడన్నారు. నేను తల వంచుకుని విన్నాను. మా ఆయన బాధను బూతులతో భరించారు. ఒకసారి నా మీద తలగడ విసిరారు. చివరి నెలల్లో ప్రార్థన చేద్దామంటే గోడవైపు తిరిగి పడుకునేవారు. అదేమీ తక్కువ భరించడం కాదు. కానీ కూడికకు వచ్చినవాళ్ళు పులిహోర తిని ఇళ్ళకు వెళ్ళాలి. వాళ్ళ కోసం మనిషిని కొంచెం కడిగి, పౌడరు రాసి చూపించడం ఆచారం. ఆ మాటల్లో ఆయన్ని వెతుక్కున్నాను, దొరకలేదు.

ఆ కూడికకు సాలూరు నుంచి మా చిన్నాన్న వచ్చాడు. నా పుట్టిల్లు సాలూరు. అక్కడ ఇంటికొక లారీ, లారీకి ముగ్గురు సలహాదారులు. చిన్నాన్న మాత్రం సలహాలిచ్చే రకం కాదు. యాభై ఏళ్ళు లారీల కింద వెల్లకిలా పడుకుని బతికాడు. ఆకాశం కన్నా ఇంజను అడుగుభాగమే ఎక్కువ చూసి ఉంటాడు. చదువు సంతకం వరకే.

కూడిక అయ్యాక అందరూ వాకిట్లో టీలు తాగుతున్నారు. నేను కారు చూపించి, లోపలికి వెళ్ళి రిపోర్టు తెచ్చి చిన్నాన్న చేతిలో పెట్టాను.

"ఏటమ్మీ ఇది?"

"కారు చరిత్ర చిన్నాన్నా. అన్నీ రాసున్నాయి. ఒక్క మచ్చ లేదు."

తిప్పి చూశాడు. వెనకవైపు ఖాళీగా ఉంది. "మంచి కాయితం" అన్నాడు. నాలుగు పేజీలూ కారు పక్కన నేలమీద వరసగా పరిచి, కొత్త పంచె మాయకుండా వాటి మీద మోకాళ్ళు వేసి లోపలికి వంగాడు. నేను చూసినంతలో ఆ రిపోర్టు వల్ల ఒక మనిషికి జరిగిన ఉపకారం అదొక్కటే.

ముందు తలుపును వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టాడు. తర్వాత సీటు బెల్టును పూర్తిగా, ఎవ్వరూ లాగనంత దూరం బయటికి లాగి చివర చూశాడు. వెనక సీటు కింది మ్యాటు ఎత్తాడు. దాని కింద ఉన్న దళసరి గుడ్డను వేలితో నొక్కి, ఆ వేలు నాలుక మీద పెట్టుకున్నాడు. కాసేపు పులుసులో ఉప్పు సరిపోయిందా అని చూసేవాడిలా ఆలోచించాడు.

మాస్టారు టీ గ్లాసుతో దగ్గరికొచ్చారు.

"మేస్టారూ, ఇందులో ఏటి మోసినారు?" అన్నాడు చిన్నాన్న.

"కుటుంబాన్ని, బాబూ. ఇంకేముంటుంది!"

"కుటుంబం ఉప్పగుండదు కదండీ."

వాకిట్లో టీ తాగే చప్పుళ్ళు తగ్గాయి. మాస్టారు గ్లాసు చెయ్యి మార్చుకున్నారు. "అప్పుడప్పుడూ మా అల్లుడు ఒకటో రెండో పెట్టెలు..."

"ఏటి పెట్టెలు?"

"థర్మకోలు పెట్టెలు."

"వాటిలో ఏటండీ?"

"రొయ్యలు. భావనపాడు నుంచి. ఐసులో పెట్టి."

"అప్పుడప్పుడంటే ఎప్పుడెప్పుడు?"

మాస్టారు అబద్ధమాడే మనిషి కాదు. అది ఊరంతా ఒప్పుకుంటుంది. ఆకాశం వైపు చూసి, "ఆదివారాలు తప్పించి" అన్నారు.

ఆదివారాలు మాత్రమే మేం ఆ కారును చూసింది.

చిన్నాన్న మ్యాటు ఇంకొంచెం ఎత్తి నన్ను పిలిచాడు. ఐసు కరిగిన ఉప్పునీళ్ళు ఐదేళ్ళు కారి కారి, అడుగున ఇనప రేకు నానిన కాగితంలా అయిపోయింది. ఒకచోట అరచేతంత చిల్లు. అందులోంచి, కారు కిందికి జారిన నా రిపోర్టు మూడో పేజీ కనిపించింది. ఆకుపచ్చ గుర్తు ఉన్న పేజీ.

"బ్రేకు గొట్టాలు కూడా తినీసింది సూడు. నాల్నెల్లు ఎల్తాది. ఐదో నెల్లో ఏదో ఒక బిడ్జి మీద ఆగిపోద్ది. నేదంటే ఆగమన్నప్పుడు ఆగదు. రెండూ నీకొద్దు గదా."

నేను మాస్టారి వైపు తిరిగాను. ఆయనే నెమ్మదిగా, బాధగా, "మీరు అడగలేదమ్మా" అన్నారు.

నిజమే. నేను అడగలేదు. ఓనర్లు ఎందరని అడిగాను, ప్రమాదాలు ఎన్నని అడిగాను, లోను తీరిందా అని అడిగాను. కారులో సోమవారం నుంచి శనివారం దాకా ఎవరు ప్రయాణం చేస్తారని ఏ రిపోర్టూ అడగదు, ఏ సాక్ష్యమూ చెప్పదు. ప్రమాదం నమోదు కాలేదంటే, మా ఊళ్ళో దాని అర్థం క్లెయిము కోసం తిరిగే ఓపిక లేక రేకుపని చేసేవాడి దగ్గర సరిచేయించుకున్నారని. ఈ ఇంగితం నాకు ముందే ఉండాలి. ఆసుపత్రి కాగితం చదివినదాన్నే కదా.

మా వదిన అరుగు మీద నుంచి అంతా వింది. "రొయ్యలకైతే కారు, నాకైతే షేరాటోనా? బాగున్నాది మేస్టారూ మీ ప్రభువు పంపకం" అంది. మాస్టారు ఒక చిన్న ప్రార్థన చేసి, ఇంతకన్నా మంచి కారు మాకు దొరకాలని కోరి, తన కారులో తాను వెళ్ళిపోయారు. నెల తిరక్కుండా దాన్ని బరంపురం వైపు ఎవరో కొనుక్కెళ్ళారని విన్నాను. అదే రిపోర్టుతో అయి ఉంటుంది. మరుసటి ఏడు మాస్టారు కొత్త కారు గురించి సాక్ష్యం చెప్పారు.

ఆ వారం వదిన మిషనుకు వెళ్ళలేదు. ఒకసారి కాదు, రెండుసార్లూ. పాదాలు బూరెల్లా ఉబ్బాయి. "ఒసే, కారొచ్చాకే ఎల్దామే, ఈపాలికి ఊరుకో" అంది, కారు కోసం ఎదురుచూస్తున్నట్టు. నేను కారు తోలడాన్ని మొన్నటిదాకా ఎగతాళి చేసిన మనిషి ఇప్పుడు కారు మీద నెపం పెట్టి మానేస్తోంది. మూడోసారి ఆమె మాట వినకుండా బస్సు ఎక్కించాను. తిరిగి వచ్చేటప్పుడు నా ఒళ్ళో తల పెట్టుకుని, "మా తమ్ముడు మానీడంలో తప్పేటి నేదే" అంది.

పది రోజుల్లో చిన్నాన్న ఫోను చేశాడు. సాలూరులో తనకు తెలిసిన టాక్సీ డ్రైవరు కారు అమ్ముతున్నాడట. నంబరు చెప్పాడు. నేను మళ్ళీ నెట్ సెంటరుకు వెళ్ళాను. బుద్ధి వచ్చినవాళ్ళు కూడా అలవాటు మానరు.

ఈసారి ఆరు పేజీలు. ఓనర్లు ముగ్గురు. ఇన్సూరెన్సు క్లెయిములు రెండు. మొన్నమొన్నటి దాకా పసుపు ప్లేటు, ఇప్పుడిప్పుడే సొంత ప్లేటుకు మార్చారు. తిరిగిన కిలోమీటర్లు ఆరంకెల్లో ఉన్నాయి. ఆకుపచ్చ గుర్తు ఉండాల్సిన చోట నారింజ రంగు గుర్తు, పక్కన జాగ్రత్త అన్న అర్థం వచ్చే ముక్క. నెట్ సెంటరాయన లేమినేషన్ మాటెత్తలేదు.

డ్రైవరు యాభై దాటిన మనిషి. కారు మా ఇంటికే తెచ్చాడు. ముందూ వెనకా పసుపు ప్లేట్లు తీసిన చిల్లులు కనిపిస్తూనే ఉన్నాయి. లోపల సెంటు సీసా లేదు. ఫినాయిలు వాసన. నేను ఆరు పేజీలూ పట్టుకుని పరీక్ష పెట్టేదానిలా నిలబడ్డాను.

"ప్రమాదాలు రెండున్నాయండీ ఇందులో."

"రెండే రాసినారా?" అన్నాడు ఆశ్చర్యంగా. "రాయనియి నాలుగున్నాయి, ఏసుకోండి. బొబ్బిలి కాడ గేదె. రైసుమిల్లు గేటు. మా ఇంటి గోడ, అది ఎనక్కి తీస్తంటే. నాలుగోది మా బావమరిది తోలినాడు, అది నా పేర రాయొద్దు."

"ఇంజను?"

"ఒకసారి ఇప్పినాం. మీ సిన్నాన్నే ఇప్పినాడు. ఆయన్నడగండి, నన్ను తిడతాడు."

ఈలోగా వదిన వెనక తలుపు తీసి కూర్చుంది. "ఓలమ్మ, ఈ సీట్లో ఏటయ్యా గొయ్యి?" అని కేకేసింది. వెళ్ళి చూశాను. ఎడమవైపు సీటు బాగా లోపలికి దిగి ఉంది.

"పేషెంట్లమ్మా. సాలూరు నుంచీ పార్వతీపురం నుంచీ విశాఖపట్నం తోలీవోన్ని. మీకునాగే డయాలసిస్‌లోల్లు, కేన్సరోల్లు. తిరిగొచ్చినప్పుడు కూకోలేరు గదా. ఆ కిటికీకి తలానించి పడుకుంటారు. ఎనిమిదేళ్ళు పడుకున్నారు." నా చేతిలో కాగితాల వైపు చూశాడు. "అందులో ఇంకోటి కూడా రాసుండరు. ఒకాయన ఇందులోనే పోనాడు. ఆనందపురం దాటినాక. అది సెప్పకండా అమ్మకూడదు గదండీ."

నేను కాగితాలు దించేశాను. చావు జరిగిన కారు ఎక్కేవాళ్ళు మా వైపు ఎవరూ ఉండరు. వదిన ముఖం చూడటానికి భయం వేసింది. ఇది కూడా పోతే మళ్ళీ షేరాటో, మళ్ళీ తేలికైన ఒళ్ళు.

వదిన ఆ గోతిలోనే సర్దుకుని కూర్చుంది. "బండాగిపోతే పోనాడా, ఎల్తంటే పోనాడా?"

"ఎల్తంటేనమ్మా. బండాగనేదు. ఆస్పటాలు దాకా తోలినాను."

"ఎనిమిదేల్లలో ఎన్నిసార్లు ఆగిపోనాది దార్లో? నిజం సెప్పు."

డ్రైవరు వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "ఒకపాలి టైరు. ఒకపాలి నేను ఆయిలు సూసుకోనేదు. అది నా తప్పు, దానిది కాదు."

వదిన నా వైపు తిరిగింది. "ఇంకా ఏటి సదువుతన్నావే? కొనీ."

కొన్నాను. ఆ సీటు బాగు చేయిస్తానంటే వదిన ఒప్పుకోలేదు. తన కొలతకే తవ్వినట్టుందట.

మొదటి ప్రయాణం మంగళవారం. నేను ఎంత నెమ్మదిగా తోలానంటే సైకిలు మీద పాలాయన మమ్మల్ని దాటిపోతూ నమస్కారం పెట్టాడు. "ఆ పేషెంటు ఇంత నెమ్మదికే పోయుంటాడు" అంది వెనక నుంచి వదిన. పోవడం బాగానే పోయాం. నాలుగు గంటలూ బయట బెంచీ మీద కూర్చుని కారు తాళం చేతిలో పట్టుకునే ఉన్నాను, అది ఎక్కడికో వెళ్ళిపోతుందన్నట్టు.

తిరుగు ప్రయాణంలో వదిన ఎడమ కిటికీకి తలానించి పడుకుంది. ఒడిలో ప్లాస్టిక్ కవరు. నేను అద్దంలో ఆమెను చూస్తూ, రోడ్డును తక్కువ చూస్తూ తోలాను. వంతెన వచ్చింది. వంతెన దాటాక సోడా బండి. ఆ సోడా బండివాడు మా ఆయనకు ఎప్పుడూ గ్లాసు నీళ్ళు ఇచ్చేవాడు, డబ్బులు తీసుకునేవాడు కాదు. ఈ సంగతి కూడికలో ఎవరూ చెప్పలేదు. నా కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్ళింది.

వదిన కళ్ళు మూసుకునే ఉంది. నిద్రపోతోందనుకున్నాను.

"ఇక్కడేనా తమ్ముడు దిగీవోడు?"

"ఇక్కడే. ఆపమంటావా? కడుపులో తిప్పుతోందా?"

కవరును ముఖం దగ్గరికి తీసుకుంది. రెండుసార్లు కడుపు ఎగదన్నింది. తర్వాత నోరు తుడుచుకుని, కవరు ముడేసి, తల మళ్ళీ కిటికీకి ఆనించింది.

"ఆపకు" అంది. "ఇంటికి పోనీ."